జర ఆగవే, రాజీ!

మా అక్క రాజేశ్వరికి కంప్యూటర్ వచ్చని జనగామలో చాలామందికి తెలుసు. దానివల్ల ఎవరికి ఎంత పని పడుతుందో మాత్రం నాకొక్కడికే తెలుసు. స్టేషన్ రోడ్డులో నాది కిరాణా హోల్‌సేల్ దుకాణం, ఆమెది పక్కనే డీటీపీ సెంటర్. మధ్యలో ఒక్క గోడ. అవతల ప్రింటర్ చప్పుడు ఆగిందంటే కాసేపట్లో "వెంకట్రాం, ఇటు రారా" అని పిలుపు వస్తుంది. నేను కందిపప్పు తూకం వేస్తున్నా, సరుకు లారీ వచ్చి నిలబడినా, వెళ్లాల్సిందే. వెళ్లకపోతే ఆమే వస్తుంది. అది ఇంకా కష్టం.

ఆమె పని శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, పుట్టినరోజుల ఫ్లెక్సీలు. బావ రఘునాథపల్లిలో టీచరు, పొద్దున పోయి సాయంత్రం వస్తాడు. కాబట్టి పగలంతా అక్కా, కంప్యూటరూ, వాళ్లిద్దరి మధ్య నలిగేది నేనూ.

శుభలేఖ కోసం వచ్చే ప్రతి మనిషీ ఒక పెన్‌డ్రైవ్ తెస్తాడు. ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఒక వైరస్ ఉంటుంది. ఒకసారి నిండు మాఘమాసం ముహూర్తాల్లో ఆమె విండోస్ కంప్యూటర్ మొత్తం కూలబడింది. పెళ్లికొడుకుల తండ్రులు వచ్చి అక్క దుకాణం ముందు చోటు చాలక నా దుకాణం ముందు నిలబడి అరిచారు. నా బేరం పాడయింది. అప్పుడు నా కొడుకు అజిత్ హైదరాబాద్ నుంచి వచ్చి విండోస్ తీసేసి లైనక్స్ అనే మరో వ్యవస్థ వేసిపోయాడు. విండోస్ వైరస్‌లు దానికి అంటవట. వాడు వేసింది శుభలేఖల కోసం. అక్క ఆ సందులో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. పాత డీటీపీ అక్షరాలను ఫోన్‌లో చదువుకునే అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం సొంతంగా రాసింది. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటే ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. "ఈ వయసుల నీకెందుకక్కా గవన్నీ?" అంటే, "నీకు సీరియళ్లెందుకురా?" అంది.

ఇక సునంద గురించి చెప్పాలి. మాదీ సునందదీ ఒకే ఊరు, దంతాలపల్లి. మాది కోమట్ల ఇల్లు, వాళ్లది పెద్ద వ్యవసాయం. అక్కా సునందా ఒకే బస్సులో మానుకోటకు డిగ్రీ చదవడానికి పోయేవాళ్లు. మానుకోటంటే ఇప్పటి మహబూబాబాద్ అని బోర్డులు చెబుతాయి, మేం చెప్పం. ఆ బస్సులో సునంద నోటికి కండక్టర్ కూడా భయపడేవాడు. తిట్టినా ముద్దుగా ఉండేది, మెచ్చుకున్నా తిట్టినట్టుండేది. పెళ్లయి భూపాలపల్లి వెళ్లింది. భర్త బ్రహ్మానందం బొగ్గుగనుల ఆఫీసులో ఉద్యోగం. మనిషి నెమ్మది. ఆ ఇంట్లో మాట్లాడే పనంతా సునందే చూసుకునేది.

రోజూ మధ్యాహ్నం ఆమె అక్కకు ఫోన్ చేసేది. అక్క ఎదురుగా ఎంత పెద్ద ఆసామి నిలబడి ఉన్నా "జర కూసోన్రి" అని ఫోన్ ఎత్తేది. ఇక అంతే. గోడ అవతల నవ్వులు. ఆ నవ్వులు వినబడ్డాయంటే నాకు అన్నం టైమయిందని గుర్తు. గడియారం చూసేవాణ్ణి కాదు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. హైదరాబాద్ తీసుకుపోయారు. స్వరపేటిక తీసెయ్యాలి, మనిషి బతుకుతుంది, గొంతు మాత్రం ఇక రాదు అని డాక్టర్లు చెప్పారు. ఆ మాట ఫోన్‌లో విన్న రోజు అక్క ఏడవలేదు. షట్టర్ సగం దించి కూర్చుంది. నేను వెళితే నా ముఖం చూడకుండా, "గొంతు పోతే పోనీ తమ్మీ. దాని మాట పోనియ్య. ఆపరేషన్ కంటె ముందే పట్టి పెడ్త" అంది.

అలా సునంద ఆపరేషన్‌కు ముందు జనగామ వచ్చి అక్క దుకాణంలో మైకు ముందు కూర్చుంది. ఆమెకు రోజూ పనికొచ్చే మాటలన్నీ ఆమె గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోవడం, తర్వాత కంప్యూటర్ తెర మీద బటన్ నొక్కితే ఆ మాట ఆమె గొంతుతో వినబడేట్టు చేయడం, ఇదీ అక్క ఆలోచన. సునంద పట్టుచీర కట్టుకొని వచ్చింది.

"ఎవలకు కనవడ్తదని కట్టినవే?" అంది అక్క.

"గొంతుకు కనవడ్తది. నువ్వు మూసుకొని మిషన్ వెట్టు."

ఏ మాటలు చదవాలో అక్క ముందే రాసి పెట్టింది. రాసింది ఎవరు? ఏళ్ల తరబడి శుభలేఖలు కూర్చిన చెయ్యి! 'దయచేసి నాకు మంచినీళ్లు ఇవ్వండి.' 'తమరు భోజనం చేశారా?' 'నాకు కొంచెం అస్వస్థతగా ఉన్నది.' సునంద వాటిని చదివిన తీరు చూడాలి! గొంతు సవరించుకొని, వీపు నిటారుగా పెట్టి, టీవీలో వార్తలు చదివే ఆమెలా చదివింది. నేను చాయ్ తీసుకుపోయి విన్నాను. చెప్పొద్దూ, బాగానే ఉందనుకున్నాను. అక్కా అదే అనుకుంది. మన మాట మాట్లాడే మనిషి సినిమాలోకి రాగానే హాలంతా నవ్వడం చూస్తూ పెరిగినవాళ్లం మేం. ఇంట్లో ఎట్లా మాట్లాడినా, మైకు కనబడితే మాకు తెలియకుండానే నాలుకకు ఇస్త్రీ చేసుకుంటాం.

వాక్యానికీ వాక్యానికీ మధ్య మాత్రం సునంద సునందలాగే ఉంది. చప్పుడు పడుతుందని ఫ్యాన్ బంద్ చేస్తే "చంపుతున్నవు గదనే" అని తిట్టింది. రైలు పోతుంటే "ఓ ప్యాసెంజరూ, జర జల్ది పోరాదయ్యా, నాకు పనున్నది" అని దానికీ చెప్పింది. తర్వాత అక్క కూర్చొని ఆ మధ్యలో వాగుడంతా కత్తిరించి, శుభ్రమైన వాక్యాలు ఒక్కొక్కటీ ఒక్కో ఫైలుగా చేసింది. ప్రతి ఫైలుకూ చక్కగా తెలుగులో పేరు పెట్టింది. మంచినీళ్లు, భోజనం, ఆరోగ్యం.

ఆపరేషన్ అయింది. సునంద బతికింది. మధ్యాహ్నాలు ఫోన్ రావడం ఆగిపోయింది.

దేవుడా, ఆ మధ్యాహ్నాలు! గోడ అవతల ప్రింటర్ తిరుగుతూనే ఉండేది. అన్నం సంగతి మరిచిపోయి ఆకలేసి నాకు ఒళ్లు మండేది. భూపాలపల్లి నుంచి సునంద కూతురు అలేఖ్య చేసేది ఫోన్. అమ్మ గదిలోంచి బయటికి రావడం లేదని, చుట్టాలు వస్తే తలుపు వేసుకుంటోందని చెప్పింది. పలక ఇస్తే విసిరేసిందట. అంతకుముందే పలక మీద ఒక మాట రాసి చూపించిందట, "తిట్టు రాసేసరికి కోపం పోతున్నది" అని. ఫోన్‌లో టైపు చేస్తే చదివే గొంతు ఒకటి ఉంటుంది కదా, ఎవరిదో తెలియని ఆడగొంతు, అది కూడా పెట్టి చూశారు. ఒక్కసారి విని ఆ ఫోన్‌ను మంచం కింద పడేసింది.

అక్క ప్రోగ్రాం అప్పటికే తయారైంది. తెర నిండా పెద్ద పెద్ద బటన్లు, ఒక్కో దాని మీద ఒక్కో మాట. ఆమె లైనక్స్‌లో నొక్కితే పలుకుతోంది. కానీ భూపాలపల్లిలో ఉన్నది అలేఖ్య కాలేజీ లాప్‌టాప్, అందులో విండోస్. దీనిది దానికి పనికిరాదు. ఫోన్‌లోనే చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఫోన్‌కు చేయడం ఆమెకు రాదు, అదీ జవాబు. మరి నా దుకాణంలో బిల్లుల కంప్యూటర్ విండోసే కదా, దాని మీద కూర్చొని చెయ్యి అన్నాను. అది బిల్లు తప్ప ఇంకేం చేయమన్నా పడుకుంటుంది, దానికీ ఆమెకూ పడదు.

"ఈడనే చేస్త," అంది అక్క. "నా లైనక్స్ మీద కూసొని విండోస్‌కు చేస్త. మనింట్ల పొయ్యి మీద వాళ్ల నోటికి వండినట్టన్నమాట."

ఆమె కోడ్ రాసుకునే చోటును ఎడిటర్ అంటారు. రాసిందాన్ని మిషన్‌కు అర్థమయ్యే ప్రోగ్రాంగా మార్చేది కంపైలర్. ఇన్నాళ్లూ ఎడిటర్‌లో ఒక బటన్ నొక్కితే లైనక్స్ కంపైలర్ లేచి పని చేసేది. ఇప్పుడు అదే బటన్ నొక్కితే విండోస్‌కు వండే కంపైలర్ లేవాలి. దాని పేరు మింగ్‌డబ్ల్యూ. అక్క అజిత్‌కు ఫోన్ చేసి గట్టిగా అరుస్తుంటే నాకు గోడ ఇవతల వినబడింది.

"మింగు ఎక్కించిన్రా! ఎడిటర్ల కంపైలర్ పేరు మార్చిన. మార్చినంక గూడ పాతదే లేస్తున్నది!"

అటు వాడు ఏదో చెప్పాడు.

"ఇంకో దిక్కు గూడ మార్చాల్నా? అది ముందుగాల చెప్పొద్దార? నాకు ఈ మింగు మింగుడుపడ్తలేదు!"

ఆ రోజు శుభలేఖ కోసం వచ్చిన పాలకుర్తి ఆసామి నా దగ్గరికి వచ్చి, "మీ అక్కకు ఏమన్న గొంతు బాధనా?" అని అడిగాడు. ఏం చెప్పాలి? బాధే, కానీ ఆమె గొంతుది కాదన్నాను.

చివరికి ఎడిటర్ మాట విన్నది. విండోస్ ప్రోగ్రాం ఒకటి తయారైంది. అది నడుస్తుందో లేదో చూడడానికి మాత్రం నా బిల్లుల కంప్యూటరే దిక్కు. పెన్‌డ్రైవ్ తీసుకొని నా దుకాణంలోకి వచ్చింది. మొదటిసారి, ఫలానా డీఎల్ఎల్ లేదని తెర మీద పెట్టె వచ్చింది. అది నడవడానికి కావలసిన ముక్క ఒకటి నా మిషన్‌లో లేదట. తన దుకాణానికి పోయి, కావలసిన ముక్కలన్నీ ప్రోగ్రాం లోపలే పెట్టి కట్టేట్టు ఎడిటర్‌లో ఇంకో మాట చేర్చి మళ్లీ వచ్చింది. అప్పుడు ఇద్దరు బేరగాళ్లు ఉన్నారు. "జర జరుగున్రి" అని వాళ్లను నెట్టి కూర్చుంది. నాకు మండింది. బేరం చేసుకోవాలా, ఈమె ప్రయోగాలు చూడాలా?

సునంద రికార్డులన్నీ ఇటూ అటూ మోయడం ఎందుకని అక్క ఒక ఉపాయం చేసింది. కత్తిరించి పక్కన పడేసిన వాగుడులోంచి చేతికి దొరికిన ఒక ముక్క తీసి, దానికి ఇంగ్లీషులో 'టెస్ట్' అని పేరు పెట్టింది. ఏ బటన్‌కైనా దాని అసలు ఫైలు దొరక్కపోతే ఈ టెస్ట్ ముక్క మోగేట్టు రాసుకుంది. పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాం, ఆ ఒక్క ముక్క, అంతే. నా కంప్యూటర్‌కు స్పీకర్లు లేవు. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకొని బటన్ నొక్కింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. ముందు కనుబొమలు లేచాయి, తర్వాత పెదవి వణికింది. ఇయర్‌ఫోన్ తీసి చీర కొంగుతో కళ్లు తుడుచుకొని, "వచ్చింది" అంది. ఏం విన్నావక్కా అంటే చెప్పలేదు.

భూపాలపల్లికి నన్ను తోడు రమ్మంది. దుకాణం వదిలి రావడం నాకు కుదరదన్నాను. అప్పటికే సంచీ సర్ది పెట్టింది, అందులో నా కండువా కూడా ఉంది. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా మధ్యాహ్నానికి చేరాం.

క్వార్టర్ తలుపు తీసింది అలేఖ్య. బ్రహ్మానందం బావ వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాడు. ఎప్పుడూ పొయ్యి ముట్టని మనిషి. సునంద గదిలో మంచం మీద కూర్చుని ఉంది. మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుంది. సగమైపోయింది. అక్కను చూసి నవ్వింది, వెంటనే ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. గలగలమని ఇల్లు ఎత్తిపారేసే మనిషి!

అక్క ఒక్క పలకరింపు మాట కూడా అనలేదు. లాప్‌టాప్ తెప్పించి, మంచం మీద పీట వేసి దాని మీద పెట్టింది. పెన్‌డ్రైవ్‌లోంచి ప్రోగ్రామూ రికార్డులూ అన్నీ ఎక్కించింది. తెర నిండా బటన్లు వచ్చాయి. సౌండ్ పూర్తిగా పెంచింది.

"నొక్కవే," అంది. "నీళ్లది నొక్కు."

సునంద చాలాసేపు నొక్కలేదు. అలేఖ్య నా చెయ్యి పట్టుకుంది. చివరికి ఆమె వేలు చాపి 'మంచినీళ్లు' అన్న బటన్ నొక్కింది.

"ఓ రాజీ! ఏందే, షురూ జేసినవా? జర ఆగవే! గొంతెండుకపోతున్నది, ముందుగాల ఇన్ని నీళ్లియ్యరాదు! ఎంతసేపు, కాళ్లకు గోరింటాకు వెట్టుకున్నవా ఏంది?"

గది దద్దరిల్లింది. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. మరుక్షణం బ్రహ్మానందం బావ చెంబు నిండా నీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. దారి పొడుగునా ఒలకబోసుకుంటూ, "తెస్తున్న, తెస్తున్ననే, వచ్చిన!" అంటూ గడప దాటి, మమ్మల్ని చూసి ఆగిపోయాడు. ఆమెకు గొంతు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. చెంబు పట్టుకొని అక్కడే నిలబడి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

అక్క మాత్రం తల పట్టుకుంది. "అయ్యో, గిది గాదు! గిది టెస్టుది!" అని 'భోజనం' బటన్ నొక్కింది. ఓ రాజీ, ఏందే, షురూ జేసినవా! 'ఆరోగ్యం' నొక్కింది. ఓ రాజీ! ఏది నొక్కినా అదే కేక. అప్పుడు నుదురు కొట్టుకుంది. "తెలుగు పేర్లు! ఫైళ్లకు తెలుగుల పేర్లు వెట్టిన. నా లైనక్స్‌ల సక్కగ సదివింది. విండోస్‌కు నేను చేసిన ఈ ప్రోగ్రాముకు ఆ పేర్లు సదువస్తలేదు. ఒక్కటి గూడ దొరుకుతలేదు దానికి, అందుకే అన్నిటికి టెస్టే మోగుతున్నది."

"పెద్దమ్మా, పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్ల పెడితే సరిపోతది గదా," అంది అలేఖ్య. నీళ్ల ఫైలుకు వెంటనే పేరు మార్చింది, ప్రోగ్రాం చూసుకునే పేర్ల జాబితాలో కూడా మార్చింది. అక్క నొక్కింది.

"దయచేసి నాకు మంచినీళ్లు ఇవ్వండి."

సునంద గొంతే. ఏ లోపమూ లేదు, అక్షరం అక్షరం వినబడింది. బ్రహ్మానందం బావ చెంబుతో అలాగే నిలబడి ఉన్నాడు, ఒక్క అడుగు వేయలేదు. కళ్లు తుడుచుకుంటూ అమాయకంగా అడిగాడు.

"ఎవలు మాట్లాడింది?"

అక్క ముఖం పాలిపోయింది. ఆపరేషన్‌కు ముందు అంత ఆరాటపడి పట్టి పెట్టింది ఎవరినో! శుభలేఖ భాష మాట్లాడే ఎవరో పెద్దమనిషిని. సునంద అక్క వైపు చూసింది. తెరను తన వైపు తిప్పుకొని, పేరు మార్చని ఇంకో బటన్ నొక్కింది.

"ఓ రాజీ! ఏందే, షురూ జేసినవా? జర ఆగవే!"

సునంద నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు ఊగుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు. మళ్లీ నొక్కింది. మొగుడి వైపు చెయ్యి చాపి, నీళ్లేవి అన్నట్టు వేళ్లు ఆడించింది. ఆయన చెంబు ఇచ్చాడు. గుక్కెడు తాగి మళ్లీ నొక్కింది, గోరింటాకు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ల వైపు వేలు చూపించింది.

"రాజమ్మా, ఇసొంటియి ఇంక ఉన్నయా?" అన్నాడు బ్రహ్మానందం బావ. "కత్తిరించినవన్నవు గదా, పారేసినవా?"

నాకూ అదే అనుమానం. చెత్త కదా, ఎవరు దాస్తారు?

"పారెయ్యలే," అంది అక్క. "ఏ శుభలేఖదైన సరే, పెండ్లి అయ్యేదాంక ఒరిజినల్ తీసెయ్య నేను. ఇదిగూడ గంతే. అన్నీ ఉన్నయి. రైలును తిట్టింది గూడ ఉన్నది." అని సునంద పక్కన కూలబడి, ఆ రోజు మొదటిసారి ఏడ్చింది. సునంద ఆమె వీపు మీద ఒకటి చరిచింది. గట్టిగానే చరిచింది, నాకు వినబడింది.

ఇక వాటినే కోసి, వాటినే బటన్లకు పెట్టాలని తీర్మానమైంది. దయచేసి వాక్యాలన్నీ తీసేద్దామంటే సునంద వద్దని తల ఊపింది. అలేఖ్య అరచేతిలో వేలితో ఏదో రాసింది. ఆ పిల్ల ఫక్కున నవ్వి, "నాయినమ్మ తరఫు చుట్టాలకు ఉంచమంటున్నది" అని చెప్పింది. పప్పు మాడిపోయింది. అదే తిన్నాం.

సాయంత్రం బస్సెక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చొని వేళ్లు మడుస్తోంది. ఎన్ని గంటల వాగుడు కోయాలో లెక్కేసుకుంటోందనుకున్నాను. పరకాల దాటగానే ఆమె ఫోన్ మోగింది. తెర మీద సునంద పేరు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ నంబర్ నుంచి ఫోన్ రాలేదు. ఏమైందోనని నాకు భయం వేసింది. ఫోన్ ఎత్తితే బస్సంతా వినబడింది.

"ఓ రాజీ! ఏందే, షురూ జేసినవా? జర ఆగవే!"

ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. "ఇంక ఇల్లే చేరలేదే, ఏం షురూ జెయ్యాలె?" అని అక్క అంతకన్నా గట్టిగా అరిచింది. అటు నుంచి మళ్లీ అదే. "తాగిందంత ఏమైందే, చెంబెడు నీళ్లు తాగితివి గద!" మళ్లీ అదే. "నాకు గోరింటాకు వెట్టేటోళ్లెవలే, నువ్వు రా, వచ్చి వెట్టు!" హనుమకొండ బస్టాండ్ దాకా అలాగే మాట్లాడుతూ, నవ్వుతూ, ముక్కు చీదుకుంటూ పోయింది. అటు నుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. అక్క ప్రతిసారీ దానికి కొత్త జవాబు చెప్పింది.